మిల్లు జట్టుతో పదిహేడో మ్యాచ్

క్లబ్బులో అందరూ ఆయన్ని స్కేలు బాబాయ్ అనేవారు. ముప్ఫై ఎనిమిదేళ్ళు అక్కడ గుమాస్తాగా పనిచేసి, రిటైరై మూడేళ్ళయినా ఆ పేరు మాత్రం వదల్లేదు. చిన్న గీతకైనా స్కేలు పెట్టందే పెన్ను కదిపేవాడు కాదు. మాటా అంతే. జట్టు చిత్తుగా ఓడివచ్చిన రోజు కుర్రాళ్ళు, "కాస్తలో పోయింది బాబాయ్" అని సర్దిచెప్పుకోబోతే, "నాలుగు–సున్నా. కాస్తలో పోవడమంటే ఒకటి–సున్నా" అనేవాడు. వాళ్ళు ఒళ్ళు మండి లోపల్లోపల తిట్టుకునేవారు. ఆయన చెవిన పెట్టేవాడు కాదు.

ఆయన పెంచి పెద్దచేసిందల్లా ఒక రిజిస్టరు. ఫుట్‌బాల్ లీగులో క్లబ్బుతో తలపడిన ప్రతి జట్టుకీ అందులో ఒక పేజీ. ఎప్పుడు ఆడాం, ఎక్కడ ఆడాం, ఎన్ని గోల్స్ వేశాం, ఎన్ని వేయించుకున్నాం. రేవు జట్టుతో ఇరవై ఎనిమిది మ్యాచ్‌లు: పదకొండు గెలుపు, తొమ్మిది డ్రా, ఎనిమిది ఓటమి. పోలీసు జట్టు పేజీ తీస్తే చాలు ఆయన మొహం మాడిపోయేది. ముప్ఫై నాలుగు ఆడితే ఇరవై ఒకటి ఓడారు. అయినా ఆ ఇరవై ఒకటీ గెలుపుల్లాగే గుండ్రటి అక్షరాలతో, అంతే శ్రద్ధగా రాసుండేవి.

క్లబ్బుకి అరవై ఏళ్ళు నిండాయని కొత్త సెక్రటరీ ఆయన్ని పిలిపించాడు. సెక్రటరీకి నలభై కూడా నిండలేదు. బయట టైల్స్ షోరూము నడుపుకుంటూ క్లబ్బు పనులు చూసేవాడు.

"పుస్తకం వేద్దాం బాబాయ్. ఏ జట్టు మీద మన రికార్డు ఏంటి అని. మీరు తప్ప ఇంకెవరు చేస్తారు?"

ఇంటికొచ్చి ఆ మాట చెప్పేసరికి ఆయన భార్య కుట్టుమిషను ముందు కూర్చుని దిండు గలేబు అంచు కుడుతోంది. తొక్కుతున్న కాలు ఆపింది.

"మిల్లు జట్టు పేజీ కూడా ఉంటుందా?"

"ఉండకేం? పదహారు మ్యాచ్‌లు."

"పదిహేడు," అని ఆవిడ మళ్ళీ మిషను తొక్కింది.

ఆ ఒక్క అంకె ఆ ఇంట్లో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నలుగుతోంది.

ఆవిడకి ఒక్కడే తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, ఆవిడకి పధ్నాలుగు. ముక్కు తుడవడం దగ్గర్నుంచి చొక్కా గుండీ పెట్టడం దాకా వాడికి అన్నీ ఆవిడే. పెళ్ళయి కాపురానికి వస్తూ వాణ్ణీ వెంటబెట్టుకొచ్చింది. "నాకు పెళ్ళాంతోపాటు పన్నెండేళ్ళ కొడుకు కూడా వచ్చాడు" అని గుమాస్తా సరదాగా అనేవాడు. ఆ తర్వాత వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఉన్న పిల్లాడు వాడే.

వాడికి బంతి పిచ్చి. కుడికాలు వాడికి నిలబడడానికే పనికొచ్చేది. ఏం చేసినా ఎడమకాలితోనే. అందుకే పుర్రకాలోడు అని పేరు. బావ పనిచేసే క్లబ్బులోనే జట్టులోకి తీసుకున్నారు గానీ రెండు సీజన్లు బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఇంట్లో అన్నం తింటూ వాడు, "బావా, మన బెంచీకి పాలిష్ పెట్టక్కర్లేదు, నేనే మెరిపించేశాను" అనేవాడు. అక్క నవ్వేది కాదు.

ఆ పదిహేడో మ్యాచ్ రోజు బుధవారం, మధ్యాహ్నం. సన్నగా తుంపర పడుతోంది. ఎడమవైపు ఆడేవాడు జ్వరంతో మంచమెక్కితే మిల్లు జట్టు మీద పుర్రకాలోణ్ణి దింపారు. అక్క పదకొండో నంబరు అంచు ఊడుతోందని పొద్దున్నే జెర్సీ మీద మళ్ళీ కుట్టింది. గ్యాలరీలో చోటు దొరక్క నీళ్ళ ట్యాంకు మెట్ల మీద నిలబడి చూసింది. బావ గీత పక్కన బల్ల వేసుకుని, తడవకుండా గొడుగు కట్టుకుని రాసుకుంటున్నాడు. డెబ్బై ఒకటో నిమిషంలో గోలు పడింది. మైదానమంతా పుర్రకాలోడు, పుర్రకాలోడు అని అరిచింది. ఎనభై మూడో నిమిషంలో వాడు మళ్ళీ బంతి తీసుకుని లోపలికి దూసుకెళ్ళాడు. ఎదురుగా కీపరు వచ్చి పడ్డాడు. వాడి మోకాలు విరిగిన చప్పుడు బల్ల దగ్గరికి వినబడింది. క్లబ్బు ఒకటి–సున్నాతో గెలిచింది. వాడు మళ్ళీ ఆడలేదు.

ఆరు వారాలు తిరగకుండానే మిల్లు మూతపడింది. ఆటగాళ్ళంతా మిల్లు కార్మికులే. తలో దిక్కూ పోయారు, జట్టు లీగునుంచి తప్పుకుంది. లీగు ఆఫీసునుంచి ఒక కాగితం వచ్చింది. ఆ జట్టు ఆ సీజన్లో ఆడిన మ్యాచ్‌ల ఫలితాలన్నీ రద్దు, ఆటగాళ్ళ ఖాతాలోనూ అవి ఉండవు అని. గుమాస్తా ఎర్రసిరా తీసి, స్కేలు పెట్టి, పదిహేడో వరస మీద గీత గీశాడు. క్లబ్బులో బావమరిది పేరున్న ఆటగాడి కార్డులో ఆడిన మ్యాచ్‌లు సున్నా, గోల్స్ సున్నా అయ్యాయి.

సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతి దాచకుండా చెప్పాడు.

"ఆ గీత మీ చేత్తోనే గీశారా?" అంది భార్య.

"రూలు. నేను కాకపోతే ఇంకొకరు గీస్తారు."

"అయితే ఇంకొకర్నే గియ్యనివ్వాల్సింది."

అంతే. ఆ తర్వాత ఆవిడ ఆయన్ని ఏ మ్యాచ్ గురించీ అడగలేదు. పుర్రకాలోడు మాత్రం కట్టు కట్టిన కాలు కుర్చీమీద చాపుకుని, "బావా, ఆ ఎర్రసిరా సీసా ఇలా పట్టుకురా. ఈ మోకాలి మీద కూడా ఓ గీత కొట్టేద్దాం, రద్దవుతుందేమో" అన్నాడు. ముగ్గురిలో వాడొక్కడే నవ్వాడు.

కూర్చుని చేసే పని కావాలని వెతికితే పెద్దాసుపత్రిలో లిఫ్టు నడిపే పని దొరికింది. స్టూలు మీద కూర్చుని, ఏడంతస్తులు ఎక్కిస్తూ దింపుతూ ఇరవై ఆరేళ్ళు గడిపాడు. పెళ్ళి మాటెత్తితే నవ్వి దాటేసేవాడు. అక్కా బావల ఇంట్లో ముందుగది వాడిది. చివరికి వాడి కడుపులో గడ్డ ముదిరిపోయిందని తెలిసింది కూడా ఆ ఆసుపత్రిలోనే. ఐదో అంతస్తులో మంచం ఇచ్చారు.

"ఇన్నేళ్ళూ అందర్నీ నేను పైకెక్కించాను. ఇప్పుడు నన్ను ఎక్కించిన కొత్తాయనకి తలుపు వెయ్యడం కూడా సరిగ్గా రాదు బావా," అన్నాడు మొదటిరోజు.

గుమాస్తా నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

పుస్తకం సంగతి వచ్చేసరికి వాడు ఆసుపత్రిలో చేరి మూడు వారాలైంది. ఆ మర్నాడు భార్య డబ్బాలో గంజి పోసి మూత బిగిస్తూ, మొహం చూడకుండా అంది:

"ఏమండీ, ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఏదీ అడగలేదు. ఆ మ్యాచ్ పుస్తకంలో వెయ్యండి. వాడు కళ్ళతో చూసుకుంటాడు."

గుమాస్తా తిన్నగా సెక్రటరీ దగ్గరికి వెళ్ళి, రద్దయిన మ్యాచ్ వెయ్యవచ్చా అని అడిగాడు. సెక్రటరీ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూనే, "వేసెయ్యండి బాబాయ్, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

కాదంటాడేమో అన్న భయంతో వెళ్ళిన మనిషికి ఆ మాటతో తల కొట్టేసినట్టయింది. ఎవరూ చూడని దానికోసమా ఇన్నేళ్ళు ఇంట్లో ఆవిడ ముందు దోషిలా నిలబడ్డాడు? వేస్తే సక్రమంగా వెయ్యాలనుకున్నాడు. మిల్లు జట్టు పేజీ కింద విడిగా, రద్దయిన మ్యాచ్ అని చెప్పి, రెండు జట్లవాళ్ళ పేర్లతో, ఎవరెంతసేపు ఆడారో, గోలు ఎవరిదో అన్నీ ఉండాలి. కానీ ఆనాటి కాగితం లీగు ఆఫీసుకి వెళ్ళిపోయింది. అక్కడ అడిగితే చెదలు పట్టిందన్నారు. తమవాళ్ళ పేర్లు ఆయనకి గుర్తే గానీ, తన రిజిస్టరులో ఉన్నది ఎర్రగీత కింద ఒక్క వరసే: తేదీ, ఒకటి–సున్నా, గోలు పదకొండో నంబరు. రెండోవాళ్ళ నోట కూడా వింటేగానీ ఏదీ రాయని అలవాటు ఆయనది. అందుకని మిల్లు జట్టు కీపరు కోసం వెతికాడు.

మిల్లు యంత్రాలు పాత ఇనుము కింద ఏ కొట్టుకి పోయాయో కీపరు కూడా ఆ కొట్లోనే తూకం పనికి కుదిరాడట. అక్కడే అరవై దాటాడు. గుమాస్తా వెళ్ళేసరికి తుప్పుపట్టిన కిటికీ చువ్వలు కాటా మీద పేరుస్తున్నాడు. కుడిచేతి రెండు వేళ్ళు వంకరగా ఉన్నాయి.

"మిల్లు కీపరు మీరేనా?"

"మిల్లుంటేగా సార్," అని నవ్వి, చేతులు దులుపుకుని, బోల్తా కొట్టించిన డ్రమ్ము ఒకటి చూపించాడు కూర్చోమని.

వచ్చిన పని చెప్పేసరికి కీపరు మొహం వెలిగింది. ఆ రోజు తమ జట్టు పదకొండుమందీ ఎవరెవరో వేళ్ళు ముడుస్తూ చెప్పాడు. గుమాస్తా రాసుకున్నాడు.

"గోలు మా కుర్రాడిదని నా దగ్గరుంది. మీరు కూడా అవునంటే రాసేసుకుంటాను."

కీపరు కాటా మీద నుంచి ఒక చువ్వ తీసి పక్కన పెట్టాడు.

"మీ కుర్రాడిది కాదు సార్ అది. వాడు కొట్టిన బంతి బయటికి పోతోంది. నేను వదిలేశాను కూడా. నా ముందు అడ్డు కాసే మా స్టాపరు అనవసరంగా కాలు పెట్టాడు. వాడి మడమకి తగిలి, నేను ఇటు పడితే అది అటు దూరింది. పోయాడు పాపం, తొమ్మిదేళ్ళయింది. రద్దయింది కాబట్టి బతికిపోయావురా అని ఏడిపించేవాణ్ణి వాణ్ణి."

గుమాస్తా పెన్ను చేతిలో అలాగే ఉండిపోయింది. ఆ నిమిషం ఆయనకి బాగా గుర్తుంది. ఎందుకు గుర్తుందంటే, ఆ నిమిషాన ఆయన తలెత్తి చూడలేదు. అంతకుముందు పడ్డ కార్నరు రాసుకుంటున్నాడు, అక్షరం మీద తుంపర పడితే అద్దుడు కాగితం కోసం వెతుకుతున్నాడు. అరుపు విని తలెత్తేసరికి బంతి వలలో ఉంది. జనం పుర్రకాలోడని అరుస్తున్నారు. పదకొండో నంబరు అని రాసేశాడు. రెండోవాళ్ళని అడక్కుండా ఆయన రాసింది బతుకు మొత్తం మీద అదొక్కటే.

"మోకాలు మాత్రం నాదే సార్," అన్నాడు కీపరు. "అది మాత్రం రాసుకోండి. నేనే మీద పడ్డాను. మర్నాడు చూడ్డానికి ఆసుపత్రికి వెళ్తే, నోట మాట రాక నిలబడిపోయాను. మీవాడే అడిగాడు, మీద పడ్డందుకు బంతైనా నీ చేతికి దొరికిందా అని. దొరికిందన్నాను. అయితే సరేలే అన్నాడు."

ఎవరో పాత సైకిలు చట్రం తెచ్చి కాటా దగ్గర పడేసి వెళ్ళారు.

"ఆ ఏడు తొమ్మిది మ్యాచ్‌లు ఆడాం సార్. నాలుగింట్లో నామీద గోలు పడలేదు. ఎక్కడా లేదు అది. మొన్న మా మనవరాలు, తాతా, నిజంగా ఆడావా కబుర్లేనా అని అడిగింది." కీపరు సైకిలు చట్రం కాటా మీదికి ఎత్తాడు. "మీ పుస్తకంలో ఆ ఒక్కటీ వెయ్యండి. ఓడిపోయిన మ్యాచే. అయినా వెయ్యండి."

మర్నాడు పదింటికి గుమాస్తా ఆసుపత్రికి వెళ్ళాడు. భార్య మందులు తేవడానికి కిందికి వెళ్ళింది. బావమరిది కిటికీవైపు తిరిగి పడుకున్నాడు. చేతులు పుల్లల్లా అయిపోయాయి.

"ఏరా, నిన్నొకటి అడగాలి."

"గోలు సంగతేగా?" అన్నాడు వాడు తిరక్కుండానే. "మిల్లు కీపర్ని కలవబోతున్నానన్నావుగా. ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు. నీకు తెలుసా?"

"కొట్టగానే తెలిసింది బావా. కాలికి సరిగ్గా తగల్లేదు, బయటికి పోతుందనుకున్నాను. ఇంతలో లోపల ఉంది. అందరూ వచ్చి మీద పడ్డారు. నాది కాదురా బాబూ అని చెప్పేంత ఊపిరి కూడా ఆడనివ్వలేదు. ఆటయ్యాక చెబుదాంలే అనుకున్నా. ఆటయ్యేదాకా నేనెక్కడున్నాను?"

వాడు మెల్లగా ఇటు తిరిగాడు. తిరగడానికే నిమిషం పట్టింది.

"ఆపరేషనయి కళ్ళు తెరిచేసరికి అక్క మంచం పక్కన కూర్చుని వార్డులో అందరికీ చెబుతోంది, మా తమ్ముడు గోలు కొట్టాడని. ఓపక్క మోకాలు పోయిందని ఏడుస్తోంది, ఓపక్క గోలు తలుచుకుని నవ్వుతోంది. అప్పుడు నాకు నోరెలా వస్తుంది? తర్వాత నువ్వు గీత కొట్టేశావు. హమ్మయ్య అనుకున్నా. పోయింది, ఇంకెవరూ అడగరు అని. అక్క దాన్ని పట్టుకుని ఇన్నేళ్ళు నిన్ను సాధిస్తుందనుకోలేదు. నా బదులు నువ్వు మాటలు పడ్డావు బావా. చూస్తూ ఊరుకున్నాను."

గుమాస్తా దుప్పటి అంచు సర్దాడు.

"ఏం రాయమంటావు?"

"నీకు నేను చెప్పాలా? జరిగింది రాయి. కానీ..." వాడు కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "కానీ ఆడినట్టు రాయి. నాకు గోలు వద్దు బావా. ఆ కార్డు మీద సున్నా చూస్తే మాత్రం మనసు కలుక్కుమంటుంది. ఆడాను కదా."

"అక్కకి?"

"నువ్వే చెప్పు. నావల్ల కాదు."

గుమాస్తాకి కూడా కాలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అని వాయిదా వేస్తుండగానే ఎనిమిదో రోజు పొద్దున పదకొండింటికి పుర్రకాలోడు పోయాడు. నీళ్ళు అడిగి, తాగి, గ్లాసు అక్క చేతికిచ్చి, తల వాల్చేశాడు. ఆవిడ ఖాళీ గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడే ఉంది. నర్సు వచ్చి తీసుకోబోతే ఇవ్వలేదు. కిందికి దింపేటప్పుడు లిఫ్టు దగ్గర వాడితో పనిచేసినవాళ్ళంతా వరసగా నిలబడ్డారు. ఆ కొత్తాయన తలుపు మెల్లగా, చప్పుడు కాకుండా వేశాడు.

జరగవలసినవి జరిగిపోయాయి. పదిహేను రోజులకి ప్రెస్సునుంచి ప్రూఫులు వచ్చాయి. పుస్తకంలో చూసి తెలుసుకోవడం కంటే తన నోట వినడమే నయమని, గుమాస్తా మిల్లు జట్టు పేజీ తీసి భార్య ముందు పెట్టాడు. దాచకుండా చెప్పాడు. కీపరు అన్న మాట, తమ్ముడు అన్న మాట, అన్నీ.

ఆవిడ చివరిదాకా వింది.

"మీరు చూశారా?"

"లేదు. తల దించుకుని రాసుకుంటున్నాను."

"నేను చూశాను. ట్యాంకు మెట్ల మీద నిలబడి చూశాను. వాడి కాలినుంచి పోయింది, వలలో పడింది. మధ్యలో ఎవరూ లేరు."

"వాడే ఒప్పుకున్నాడే..."

"వాడు లేడుగా ఇప్పుడు. వాడన్నాడని ఏదైనా చెప్పచ్చు."

నలభై ఏళ్ళు పైబడిన కాపురంలో ఆవిడ ఆయన మాట అబద్ధమని ఎప్పుడూ అనలేదు. గీత గీసిన రోజు కూడా అనలేదు. ఆయన ప్రూఫు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఒట్టు వెయ్యాలనిపించింది గానీ, ఎవరిమీద వేస్తాడు?

ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి ఆ పేజీ తెర మీదికి తెచ్చి, "ఏమైనా మార్పులున్నాయా సార్?" అని అడిగింది.

ఆయన చాలాసేపు తెరవైపు చూశాడు. తిప్పితిప్పి కొడితే రెండు మాటలు. "ప్రత్యర్థి సొంతగోలు" అన్నచోట వాడి పేరు పెడితే సరి. ఎవరూ అడగరు. సెక్రటరీ ముందే చెప్పాడు, ఎవరు చూడొచ్చారని. కీపరు ఏమీ అనుకోడు. స్టాపరు లేడు, వాడూ లేడు. ఇంట్లో ఆవిడ మళ్ళీ మనసు విప్పి మాట్లాడుతుంది. అన్నీ ఆయనకి తోచాయి. జరిగింది రాయి అన్న గొంతు కూడా గుర్తొచ్చింది.

"ఏం లేవమ్మా. ఉన్నదున్నట్టు వెయ్యండి," అన్నాడు. బయటికొచ్చి, ప్రెస్సు మెట్ల మీద చతికిలబడి, రోడ్డు మీద పోయేవాళ్ళంతా చూస్తుండగా కళ్ళు తుడుచుకున్నాడు. వాడు పోయాక ఆయన ఏడవడం అదే మొదలు.

పుస్తకం ఆవిష్కరణ క్లబ్బు హాల్లో ఆదివారం పొద్దున జరిగింది. భార్య తలనొప్పి అని రాలేదు. సెక్రటరీ గెలుపుల జాబితా చదివాడు, చప్పట్లు మోగాయి. పోలీసు జట్టు పేజీ మాత్రం తెలివిగా దాటేశాడు. చివరి వరసలో ఇస్త్రీ చొక్కా వేసుకుని పాత ఇనుము కొట్టు కీపరు నిలబడి ఉన్నాడు. పక్కన మనవరాలు. గుమాస్తా ఒక కాపీ తీసుకెళ్ళి తొంభై ఆరో పేజీ తీసి ఇచ్చాడు. మిల్లు జట్టు: ఆడినవి పదహారు, క్లబ్బు గెలిచినవి ఐదు, డ్రా నాలుగు, ఓడినవి ఏడు. దాని కింద చిన్న గీత, గీత కింద రద్దయిన మ్యాచ్, ఇరవై రెండు పేర్లు, తర్వాత దిగినవాడి పేరు విడిగా. ఆ పిల్ల వేలు పెట్టి తాత పేరు వెతికి పట్టుకుంది. రెండుసార్లు పైకి చదివింది. కీపరు వంకరవేళ్ళతో ఆ పిల్ల తల నిమిరాడు గానీ గుమాస్తావైపు చూడలేకపోయాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండైంది. ముందుగది తలుపు తీసి ఉంది. తమ్ముడి మంచం మీద భార్య కూర్చుని ఉంది. ఆయన పుస్తకం ఆవిడ పక్కన పెట్టి, పేజీ తీయకుండానే వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగాడు. తిరిగొచ్చేసరికి పేజీ తెరిచి ఉంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. గోలు దగ్గర రాసినది ఆవిడ చదివిందో లేదో ఆయనకి తెలియలేదు. వేలు మాత్రం పదకొండో పేరు మీద ఉంది.

"ఎనభై మూడు నిమిషాలు అని రాశారు."

"అవును. ఎనభై మూడులోనే పడ్డాడు."

"పడ్డాడు. కానీ బయటికి తేలేదు. స్ట్రెచరు ఎక్కడుందో కనబడక వెతికారు. అప్పటిదాకా వాడు గడ్డిలోనే ఉన్నాడు. రెండుసార్లు లేవబోయాడు. మొదటిసారి చెయ్యి ఊని లేచాడు, కాలు నిలవలేదు. రెండోసారి ఆ మిల్లు కీపరు పట్టుకుని లేపబోతే వద్దని తోసేశాడు. ఆట ఆపలేదు వాడు. ఎనభై ఆరు దాకా లోపలే ఉన్నాడండీ."

ఆ రోజు బల్ల దగ్గర గుమాస్తా రాసింది పడ్డ నిమిషమే. ఆ తర్వాత లోపలికొచ్చిన ఆటగాడి నంబరు రాసుకున్నాడు. మధ్యలో ఏం జరిగిందో ఆయన కాగితం మీద లేదు.

"రాయలేదు," అన్నాడు. "నా తప్పే."

"మళ్ళీ పుస్తకం వేస్తారా?"

"వెయ్యరు."

ఆవిడ పుస్తకం మూసి దిండు పక్కన పెట్టింది. చాలాసేపు కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తూ కూర్చుంది. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపలికి రావాలా వద్దా తెలియలేదు.

"మీరు అసలు వాడి ఆటే చూడలేదు కదూ?" అంది ఆవిడ. గొంతులో కోపం లేదు. "ఎప్పుడు చూసినా తల దించుకుని రాసుకుంటూ కనబడేవారు."

"కొంచెం కొంచెం చూశాను."

"అయితే వచ్చి కూర్చోండి."

ఆయన వచ్చి మంచం రెండో చివర కూర్చున్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆట మొదలైన చోటినుంచి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి బంతి వాడి దగ్గరికి నాలుగో నిమిషంలో వచ్చిందట. భయపడి వెనక్కి ఇచ్చేశాడట. పన్నెండో నిమిషంలో ఇద్దర్ని తప్పించి, మూడోవాడి దగ్గర జారిపడి, లేచి, ట్యాంకువైపు చూసి నవ్వాడట. ఆయన వింటూ కూర్చున్నాడు. డెబ్బై ఒకటో నిమిషం దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగిపోయింది. ఆయన ఏమీ అడగలేదు. ఇద్దరి మధ్యా మంచం మీద ఆ పుస్తకం అలాగే ఉంది. కాసేపటికి ఆవిడ గోలు మాట ఎత్తకుండానే దాన్ని దాటేసి, డెబ్బై ఐదో నిమిషంలో వాడి బూటు లేసు ఊడిన సంగతి చెప్పింది.